అంగన్‌వాడీలో నక్కబొమ్మ

నెల్లూరు నుండి గూడూరునకు పోవు రహదారిమీద మనుబోలు ఒక మండల కేంద్రము. అట్టి ఊళ్ళ చుట్టును వరిమళ్ళు, చెరువు గట్లు, తాటిచెట్లు ఉండును. తూర్పునకు పోయినకొలది ఇసుక నేలలు, ఉప్పునీటి పాయలు ఎదురగును. ఇట్టి నేలపై పుట్టిన బిడ్డ నక్కను కంటితో చూచుటకు ముందే చెవితో వినును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట పొలముల వైపు నుండి ఒక ఊళ లేచుట, దానికి మరియొకటి బదులు పలుకుట, ఊరకుక్కలు మొరుగుట, తల్లి బిడ్డను దగ్గరకు తీసికొనుట - ఇవి ఆ బిడ్డకు మొదటి ప్రకృతి పాఠములు. ఆ బిడ్డయే మూడేండ్లు నిండి అంగన్‌వాడీకి వచ్చినప్పుడు అచ్చుపటములలో తరచుగా చూచు నక్క నారింజవన్నె ఒడలును, తెల్లని రొమ్మును, తెల్లని తోకకొనయు గలది. అది ఎక్కువగా చలిదేశములలో తిరుగు ఎర్రనక్క. దాని బొమ్మను కత్తిరించి అంటించిన బిడ్డ చక్కని బొమ్మనే చేయును. కాని రాత్రి తాను విన్న జంతువునకును ఈ బొమ్మకును సంబంధమున్నదని ఎరుగడు. చేతిపని ఒకవైపు, ఊరు మరియొకవైపు నిలిచిపోవును.

పంచాయతీ సభ్యులు ఇచ్చట ఒక ప్రశ్న వేయవచ్చును. రోడ్లు, మురుగు కాలువలు, త్రాగునీరు, వీధిదీపములు - ఇన్ని పనులుండగా పసిపిల్లల నక్కబొమ్మతో మాకేమి పని? ప్రశ్న న్యాయమైనదే. 1992 నాటి 73వ సవరణవలన రాజ్యాంగమున చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన అంశములు 29 కలవు. వానిలో ప్రాథమిక విద్యతో కూడిన విద్య 17వది. స్త్రీ శిశు అభివృద్ధి 25వది. ఇక 2020 జాతీయ విద్యావిధానము బిడ్డ మెదడు వికాసములో 85 శాతమునకు పైగా ఆరేండ్లలోపే జరుగునని చెప్పి, మూడవ యేటినుండియే చదువును లెక్కకు తెచ్చినది. మన రాష్ట్రమున 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రములున్నవి. వానిని గ్రుడ్లు, పాలు పంచు చోట్లుగా మాత్రమే చూచు అలవాటు మనలో ఇంకను పోలేదు. గ్రుడ్డు వచ్చినదా లేదా అని అడుగు సభ్యుడు, బిడ్డ నేడు చేతులతో ఏమి చేసెనని అడుగుట అరుదు. ఆ రెండవ ప్రశ్నకై ఈ పాఠము. ఉదాహరణముగా ఒక్క జంతువును, నక్కను, తీసికొందము.

ఒక పేరు, రెండు జంతువులు

ముందుగా పెద్దలమైన మనకే తేటపడవలసిన విషయమొకటి కలదు. తెలుగులో నక్క అనియు, గుంటనక్క అనియు రెండు మాటలున్నవి. ఇవి ఒకే జంతువునకు రెండు పేర్లు కావు. రెండును కుక్క కుటుంబమునకు చెందినవే యైనను వేర్వేరు జాతులు.

రాత్రి ఊళవేయునది నక్క. ఊరకుక్కకంటె కొంచెము చిన్నదిగా, ఎనిమిది మొదలు పదకొండు కిలోల బరువుతో, పసుపు గోధుమవన్నెలు కలిసిన బొచ్చుతో ఉండును. వీపుమీద నల్లని వెంట్రుకలు కలిసియుండును. కుటుంబముగా మెలగును. పొలములు, చెరువు గట్లు, తీరపు తుప్పలు, ఊరి పొలిమేర - అన్నిటను బ్రతుకనేర్చినది. గుంటనక్క అంతకంటె చాల చిన్నది. సాధారణముగా రెండు మూడు కిలోలు మాత్రమే తూగును. ఇంటి పిల్లికి ఇంచుక పెద్ద అనుకొనవచ్చును. బూడిదవన్నె ఒడలు, సన్నని ముట్టె, ముఖమునకు మించినట్లు కనబడు పెద్ద చెవులు, ఒడలిలో సగమునకు పైబడిన పొడవుగల గుబురు తోక దాని లక్షణములు. ఆ తోక కొన నల్లగా నుండును. చలిదేశపు ఎర్రనక్క తోకకొన తెల్లగా నుండును. బొమ్మ చేయువారికి ఈ ఒక్క గుర్తు చాలును. నక్కలవలె కూడి సాగదీసి ఊళవేయుట గుంటనక్కకు అలవాటు కాదు. అది దట్టమైన అడవులను కోరదు. బీళ్ళు, తుప్పల నేలలు దానికి ఇష్టము. నేలలో బొరియలు త్రవ్వుకొనును. పేరులోనే గుంట ఉన్నది గదా! ఆ బొరియకు ఒకటికి మించి ద్వారములుండును. ఆడుమగలు జంటగా నుండి చలికాలపు చివర, వేసవి మొదటి దినములలో రెండు మొదలు నాలుగు పిల్లలను పెంచుకొనును.

అక్షరమాల పుస్తకములలో ఇంగ్లీషు ఫాక్స్‌కును, జాకాల్‌కును మనవారు నక్క అనియే వ్రాయుటచేత ఈ కలత కలిగినది. మూడేండ్ల బిడ్డకు జాతిభేదములు బోధింపనక్కరలేదు. కాని బోధించు కార్యకర్తకు తెలియవలెను. ఆమె చేతిలో పెద్దనక్క ఒకటి, చిన్ననక్క ఒకటి ఉన్నచో, పెద్ద చిన్న అను భేదము, ఊళవేయునది వేయనిది అను భేదము బిడ్డకు తానుగా పట్టుబడును.

కథలోని నక్క, చేనిలోని నక్క

మన పిల్లలకు నక్క కథలు కొరతపడవు. పంచతంత్రమున కరటక దమనకులు నక్కలే. నీలి రంగు తొట్టిలోపడి కొన్నాళ్ళు అడవికి రాజై, తోటి నక్కలు కూయగా తానును కూసి పట్టుబడిన నక్క కథ తెలియని ముసలమ్మ యుండదు. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను వెలువరించిన నాటినుండి ఈ కథలు బడిపిల్లల నోళ్ళలో మరింత నానినవి. నక్కజిత్తులు, నక్కవినయము అని నిందించు నోటితోనే, మంచి కలిసివచ్చినవానిని నక్కతోక త్రొక్కివచ్చినాడని మెచ్చుకొనుటయు మన పలుకుబడియే. కథ చెప్పుట మానవలదు. పసిబిడ్డకు కథ అన్నమువంటిది. అయితే కథ ముగిసిన పిదప ఒక చిన్న ప్రశ్న మిగులవలెను: మన చేనిలోని నక్క ఏమి తినును?

ఎలుకలను తినును. పీతలను, పురుగులను, తొండలను తినును. రేగుపండ్లు రాలినచోట ఏరుకొని తినును. చచ్చిన పశువు కళేబరమును తిని ఊరికి మేలు చేయును. పుచ్చతోటలో కాయ కొరుకును. అదను దొరకిన కోడిని, మేకపిల్లను ఎత్తుకొనిపోవును. ఈ కడపటి మాట దాచరాదు. కోడి పోగొట్టుకొన్న ఇంటిబిడ్డ అదే గదిలో కూర్చుండును. నక్క మంచిదని మాత్రమే చెప్పిన కార్యకర్త మాటను వాడు నమ్మడు. వరిగట్టును గుల్లచేయు ఎలుకను, పీతను పట్టు జంతువు, కోడినికూడ పట్టుననుట నిజము. నిజమును పసివాడు పెద్దలకంటె తేలికగా అరిగించుకొనును.

నక్కకొమ్ము అను పేరుతో సంతలలో అమ్మజూపు వస్తువును గూర్చి పెద్దలకు ఒక మాట. నక్కకు కొమ్ము లేదు. అదృష్టము పేరిట జరుగు ఈ వ్యాపారము మోసము; దానికై నక్కను చంపుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. పంది బెడదకని చేలకు విద్యుత్తీగలు చుట్టుటయు, ఎలుకలకని విషపుముద్దలు చల్లుటయు నక్కలకును, కొన్ని వేళల మనుష్యులకును ప్రాణాంతకములు. నక్కపిల్లలు బొరియవద్ద కనబడినచో పిల్లలు ముట్టరాదు. నక్క కరచినను, కుక్క కరచినను గాయమును సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలసింపక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా వేయించుకొనవలెను. పసుపు, కారము పూసి కూర్చుండరాదు.

మరియొక జాగ్రత్త సున్నితమైనది. దక్షిణాంధ్రమున నక్కల అను పేరుగల ఒక గిరిజన తెగ కలదు. ఆ ఇంటి బిడ్డ కేంద్రములో నున్నప్పుడు నక్క దొంగ, నక్క మోసకారి అని పాడించి నవ్వించినచో, మరునాటినుండి వాడు రాకపోవచ్చును. ఎందుకు రాలేదో వాని తల్లి చెప్పదు.

మట్టితో మొదలు

మూడేండ్ల బిడ్డ చేతికి కత్తెర కంటె ముందు మట్టి అందవలెను. వేళ్ళకు బలము వచ్చిన పిదపనే కలము, బలపము చక్కగా నిలుచును. చెరువులో నీరు తీసిన తరువాత దొరకు బంకమన్ను మేలు. రాళ్ళు, గవ్వముక్కలు, గాజుపెంకులు లేకుండ పెద్దలు చేతితో చిదిపి ఏరి, ఒక రాత్రి నానవేసి, కొంచెము మెత్తని ఊక కలిపి పిసికినచో ఆరునప్పుడు బీటలు తక్కువగా పడును. ఊరిలో కుమ్మరి యున్నచో ఆతని సలహా పుస్తకముకంటె విలువైనది. ఒక పూట కూలి ఇచ్చి ఆతనిని కేంద్రమునకు పిలుచుట పంచాయతీ చేయదగిన పని.

బిడ్డకు గెనుసుగడ్డంత ముద్ద ఇయ్యవలెను. కాళ్ళు వేరుగా చేసి అంటింపరాదు. అవి ఆరగనే ఊడిపోవును. ముద్దనుండియే నాలుగు కాళ్ళు లాగవలెను, ఒక చివర ముట్టె లాగవలెను, మరియొక చివర తోక లాగవలెను. చిన్నవారికి నాలుగు కాళ్ళు రావు. రెండు వచ్చును, ఒక్కొక్కప్పుడు ఆరు వచ్చును. కార్యకర్త దిద్దరాదు. "అమ్మా, దీని కాళ్ళు లెక్కపెట్టుదమా?" అని అడిగినచో చాలును. వాడు లెక్కపెట్టి, ఆలోచించి, రెండు పీకివేయును. అదియే గణితము.

నీడలో ఆరవేయవలెను. ఎండలో పగులును. కాల్చనక్కరలేదు. వారము ఆడుకొని విరిగిపోయిన తరువాత ముక్కలన్నియు మరల నీటితొట్టిలో వేసినచో మరుసటి వారమునకు మట్టి సిద్ధము. ఖర్చు లేదు.

పెద్దనక్కకు తోక కావలెనన్నచో కొబ్బరిపీచు ఉన్నది. దాని వన్నెయే నక్కవన్నె. తడి మట్టిలో పీచుకుచ్చు గుచ్చి, కొనకు బొగ్గుపొడి రుద్దినచో బొమ్మకు ప్రాణము వచ్చును. తాటిపండు తిని పారవేసిన టెంకను కడిగి ఎండబెట్టినచో దానిపై పసుపువన్నె పీచు నిలిచియుండును. దానిని ముఖముగా త్రిప్పి, పీచును దువ్వి, బొగ్గుతో కన్నులు పెట్టినచో అదియొక నక్క తల. తాటిచెట్లున్న ఊళ్ళలో ఇది పిల్లలు తామే కనిపెట్టు ఆట. మనము చేయవలసినదెల్ల దానిని చదువుగా గుర్తించుటయే.

కన్నులకు గురివింద గింజలు వద్దు

ఈ భాగమును సభ్యులు శ్రద్ధతో చదువవలెను. వినాయక చవితికి మట్టి వినాయకునికి గురివింద గింజలతో కన్నులు పెట్టుట మనయింట ఆచారము. ఎర్రగా నల్లగా అందముగా నుండుటచేత నక్కబొమ్మకును అవియే పెట్టవలెనని తోచును. గురివింద గింజలో తీవ్రమైన విషము కలదు. పైపెంకు గట్టిది గనుక మ్రింగినది ఒక్కొక్కప్పుడు అట్లే బయటకు పోవచ్చును. కాని నమలిన గింజ, దారము గ్రుచ్చుటకు తొలిచిన గింజ మిక్కిలి అపాయకరము. బాగుగ నమలిన ఒక్క గింజయే పసిబిడ్డ ప్రాణముమీదికి తేవచ్చును. ఆముదపు గింజలలోను, ఉమ్మెత్త కాయలలోను విషమున్నది. ఇవేవియు కేంద్రము గడప దాటి లోపలికి రారాదు. ఆవరణలో గురివింద తీగెగాని, ఆముదపు చెట్టుగాని, ఉమ్మెత్త మొక్కగాని మొలచియున్నచో పంచాయతీ తీయించివేయవలెను.

విషము లేని గింజలైనను, శనగ, బఠాణీ, పూసలు, బొత్తములు, ఇవి ముక్కులోను, గొంతులోను ఇరుక్కొనును. కన్నులకు బొగ్గుచుక్క చాలును. లేదా పుల్లతో ఒక గుంట పొడిచినను కన్నే. రంగులకు పసుపు, ఇటుకపొడి, ఎర్రమన్ను, బొగ్గు ఉండనే ఉన్నవి. సంతలో దొరకు రంగు ముగ్గుపొడులలో ఏమి కలిసియుండునో మనకు తెలియదు గనుక వానిని విడుచుట మేలు. సున్నము కంటిలో పడినచో కన్ను చెడును. అంటించుటకు మైదాపిండి ఉడికించిన జిగురో, చింతగింజల పొడి కాచిన బంకయో చాలును. కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి కర్రముక్కలను అతుకుటకు చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కునే వాడుదురు. తరతరముల పనివారికి చాలిన జిగురు మన అంగన్‌వాడీకి చాలదా?

తాటిమట్ట అంచులకు రంపపు పండ్లుండును. పెద్దలు కత్తితో వానిని చెక్కివేసిన పిదపనే మట్టముక్కను బిడ్డ చేతికియ్యవలెను. ముఖతొడుగులకు ప్లాస్టిక్ సంచులు వాడరాదు. తలపై సంచి తొడుగుట ఊపిరికి ముప్పు. అట్టముక్కపై నక్కముఖము గీసి, క్రింద మొండి కర్రముక్క కట్టి, ముఖమునకు ఎదురుగా చేతితో పట్టుకొనునట్లు చేసినచో చాలును. చీపురుపుల్లకు కట్టరాదు, ప్రక్కవాని కంటికి తగులును.

ఇసుకలో బొరియ, పిండిలో అడుగు

తడి ఇసుకను పాదముపై పోసి, అదిమి, మెల్లగా పాదమును లాగివేసి పిచ్చుకగూడు కట్టని తెలుగు బిడ్డ లేడు. గుంటనక్క బొరియను బోధించుటకు అంతకంటె మంచి సాధనము నాకు తోచదు. ఒక బిడ్డ ఒకవైపు నుండి, మరియొక బిడ్డ ఎదుటివైపు నుండి పాదములు పెట్టి గూడు కట్టినచో దానికి రెండు ద్వారములేర్పడును. లోపల వేళ్ళు తగులగానే ఇద్దరును కేకలు వేయుదురు. అప్పుడు కార్యకర్త అడుగవలెను: నక్కకు రెండు వాకిళ్ళు ఎందుకు? ఒకడు, గాలికి అనును. ఒకడు, కుక్క వచ్చినప్పుడు పారిపోవుటకు అనును. ఒకడు, అత్తగారింటికి పోవుటకు అనును. మూడును వినవలెను; ఏదియు తప్పని కొట్టివేయరాదు.

అడుగుజాడల పాఠమునకు కృష్ణాష్టమి మనకు దారి చూపినది. పిడికిటిని పిండినీటిలో ముంచి గడపనుండి లోపలికి చిన్నికృష్ణుని పాదములు వేయు నేర్పు ప్రతి తల్లికిని కలదు. అదే పిండినీటిలో బొటనవ్రేలిని ముంచి నేలపై అద్ది, దాని ముందు వ్రేలికొనలతో నాలుగు చుక్కలు వంపుగా పెట్టినచో నక్క అడుగు. చుక్కల ముందు గోళ్ళకు సన్నని గీతలు గీయవలెను. నక్క, కుక్క అడుగులలో గోరుగుర్తు సాధారణముగా పడును. పిల్లి నడచునప్పుడు గోళ్ళను లోపలికి ముడుచుకొనును గనుక దాని అడుగున గీతలు రావు. తెల్లవారి చెరువు గట్టున నిజమైన జాడ కనబడినచో, తల్లితండ్రులతో పోవు బిడ్డ ఆగి చూచును. ఇది పిల్లికాదు, గోళ్ళున్నవి, అని నాలుగేండ్ల బిడ్డ చెప్పిన నాడు ఆ కేంద్రము తన పని తాను చేసినట్లే.

ఐదేండ్లవారికి కాగితపు మడత తగును. చదరపు కాగితమును మూలనుండి మూలకు మడచి ముక్కోణము చేయవలెను. కొన పైకి ఉండునట్లు పట్టి, ఆ కొనను కొంచెము క్రిందికి మడువవలెను. క్రింది రెండు మూలలను ఏటవాలుగా పైకి మడచి, వాని కొనలు తలకు పైగా నిక్కునట్లు చేయవలెను, అవి చెవులు. త్రిప్పి చూచినచో క్రింద ముట్టె, పైన చెవులు. చెవులు పెద్దవిగా తీసినచో గుంటనక్క, చిన్నవిగా తీసినచో నక్క. వాడిన కాగితమైనను, పాత కాలెండరు పుటయైనను సరిపోవును.

గోడమీద నీడలాట గురించి క్లుప్తముగా చెప్పెదను. మన తోలుబొమ్మలాట లోకప్రసిద్ధము; నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనున్న నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. కేంద్రములో తోలు అక్కరలేదు. అట్టతో కత్తిరించిన నక్క, కాకి, మేకపిల్ల, ఒక తెల్లని పాత పంచె, వెనుక ఒక టార్చిలైటు ఉన్నచో చాలును. నూనెదీపము పెట్టవలదు. వెలుతురునకు దగ్గరగా జరిపిన నక్క పంచెపై పెద్దదగును, దూరమైన చిన్నదగును. భయపడిన బిడ్డచేతికే నక్కను ఇచ్చి ఆడింపవలెను. భయము అచ్చటనే తీరును.

బడికి రాని బిడ్డల వద్దకు బడి

తీరపు నెల్లూరు ప్రాంతమున యానాదుల కాలనీలు అనేకము. పొలము ఎలుక ఏ కన్నములో దూరునో, నక్క ఏ గట్టున తిరుగునో, ఏ ఆకు ఏ పనికి వచ్చునో వారికి తెలిసినంత మనలో పలువురకు తెలియదు. ఈ జిల్లావారే యగు వెన్నెలకంటి రాఘవయ్యగారు తమ జీవితమును యానాదుల సేవకు ధారవోసి, వారినిగూర్చి పెద్ద గ్రంథమునే వ్రాసిరి. అట్లయినను ఆ ఇళ్ళ బిడ్డలు కేంద్రమునకు తక్కువగా వచ్చుట మనము చూచుచున్నాము. తల్లితండ్రులు పనులవెంట పోవునప్పుడు బిడ్డలును పోవుదురు. మాసిన బట్టలతో వచ్చిన బిడ్డను దూరముగా కూర్చుండబెట్టు కేంద్రమున్నచో అది మరియొక కారణము. ఇది కప్పిపుచ్చవలసిన మాట కాదు.

దీనికి ఉపాయము కొత్తది కాదు. మహారాష్ట్ర తీరమున బోర్డీలో 1945లో తారాబాయి మోడక్ గ్రామ బాలశిక్షణ ప్రారంభించినప్పుడు పేద పిల్లలు బడికి రాలేదు. ఆమె బడినే వారి వాకిళ్ళకు తీసికొనిపోయెను. ఆకులు, గులకరాళ్ళు, గవ్వలు, మట్టి - అచ్చట దొరకినవే బోధన సాధనములు. అంగన్‌వాడీ, అనగా ముంగిటి తోట, అను భావన అట్లు రూపొందినది. ఆమెకు గురుతుల్యుడైన గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరము స్థాపించి, కథలతో ఆటలతో చదువు చెప్పుట ఎట్లో చూపినవాడు. మన రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై పల్లెలలో బాల్వాడీలకు ఊతమిచ్చెను. 1975 అక్టోబరు 2న దేశమున 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవలు మొదలైనప్పుడు తారాబాయిగారు నాటిన ఆ పేరే దేశమంతట వ్యాపించినది.

కావున వారమున ఒకనాడు మట్టి తట్టను కాలనీ ముంగిటికే తీసికొనిపోవచ్చును. అచ్చటి పెద్ద ఒకరిని, "తాతా, నక్క ఎట్లు నడచును? ఎట్లు కూయును?" అని అడిగి పిల్లలకు చెప్పింపవచ్చును. ఆయన కూసి చూపినప్పుడు ఊరిబిడ్డలును, కాలనీబిడ్డలును కలిసి కూయుదురు. తన తాత గురువైన చోటికి బిడ్డ మరునాడు తానుగా వచ్చుటకు అవకాశము ఎక్కువ. ఆయనకు ఆ పూట గౌరవవేతనము ఇచ్చుట మరువరాదు.

సభ్యులు చూడవలసినవి

2022లో వెలువడిన పునాదిస్థాయి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము పిల్లల ఇంటిభాషలో, ఆటలతో, బొమ్మలతో బోధింపవలెనని నిర్దేశించినది. 2023 ఫిబ్రవరిలో జాదుయీ పిటారా అను ఆటవస్తువుల పేటిక కూడ దేశమున విడుదలైనది. పేటిక వచ్చినచో మంచిదే. దానిని పిల్లలు పాడుచేయుదురని బీరువాలో పెట్టి తాళము వేయుట మాత్రము మంచిది కాదు. బొమ్మ విరుగుటకే చేయబడినది.

కేంద్రమునకు పోయినప్పుడు గోడపై వ్రేలాడు నక్కలను చూడుడు. ఇరువది నక్కలును ఒకే తీరున, ఒకే కత్తెరతో కోసినట్లున్నచో అవి కార్యకర్త రాత్రి దీపముముందు కూర్చుండి, తనిఖీకి భయపడి చేసినవి. ఆమెను నిందింపవలదు, ఆ భయమును పుట్టించినది మనమే. వంకరచెవుల నక్క, తోకలేని నక్క, పొట్టమీద కన్నున్న నక్క - ఇట్టివి కనబడినచో సంతోషింపుడు. ఆ బొమ్మను చేసిన బిడ్డను పిలిచి, ఇదేమి, అని అడిగి, చెప్పినదంతయు వినుడు. రెండు నిమిషములు ఆగక మాటలాడిన బిడ్డకు భాష వచ్చుచున్నదని అర్థము. రిజిష్టరులోని అంకె ఆ సంగతి చెప్పదు.

పంచాయతీ వంతుగా కావలసినది స్వల్పము. నీడగల మూలలో మోకాటిలోతు ఇసుకగుంట, దానికి కుక్కలు పిల్లులు దిగకుండ తడికె మూత, మట్టి నానవేయుటకు ఒక తొట్టి, వాడనప్పుడు నీరు నిలువకుండ మూత, చేతులు కడుగుకొనుటకు పిల్లల ఎత్తున కుళాయి, సబ్బు. ప్రక్కన నూయిగాని, గుంటగాని తెరచియున్నచో ముందు దానికి కంచె. కొబ్బరిపీచు, తాటాకులు, టెంకలు, పాత కాగితములు ఇండ్లనుండి సేకరించుటకు స్వయం సహాయక సంఘముల స్త్రీలతో ఒక మాట. గ్రామసభలో ఈ అంశమును ఒక్కసారి చేర్చి, పిల్లలు చేసిన నక్కలను బల్లమీద పెట్టినచో, తండ్రులు తమ బిడ్డ చేసినదేదియో వెదకుటకు వచ్చెదరు; అట్లు వచ్చినవారు ఇసుకగుంట తీర్మానమునకు చేయెత్తకపోరు.

వానలు మొదలైన పిదప మట్టిబొమ్మలు ఆరవు. కార్తె చూచుకొని ఆ నెలలలో కాగితపు మడతలు, నీడలాట, కథలు పెట్టుకొని, చెరువు మట్టిపనిని సంక్రాంతి దాటిన తరువాతకు ఉంచవలెను. గుంటనక్కలు బొరియలలో పిల్లలను పెంచు దినములును ఇంచుమించు అవియే.